ఇటలీని అరగంటలో పరిచయం చేసిన సంగతి

ఒక దేశాన్ని రెండుగా చీల్చడానికి సైన్యం అక్కర్లేదు. ఒక మైకు, నాలాంటి పాత్రికేయుడు ఉంటే చాలు. నమ్మకం కుదరకపోతే వినండి.

అప్పట్లో పత్రికలో విదేశీ వార్తలు తర్జుమా చేసేవాణ్ని. ఇటలీలో ప్రభుత్వం పడిపోయినప్పుడల్లా ఆ వార్త నా బల్ల మీదికే వచ్చేది. అక్కడ ప్రభుత్వాలు తరచూ పడిపోతాయి కాబట్టి, ఇటలీ నాకు కొట్టిన పిండి అని ఆఫీసులో పేరు పడింది. ఆ మాట నేనూ నమ్మడమే అసలు ప్రమాదం.

చిన్ననాటి స్నేహితుడు యాదగిరి నానక్‌రామ్‌గూడలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ మేనేజరు. ఒకరోజు ఫోన్ చేశాడు.

"అరే, ఇటలీ నుంచి ఇద్దరొస్తున్నరు. ఒప్పందం మీద ఇద్దరూ సంతకం పెడితేనే నా టీము ఉంటది. లేకుంటే అందర్ని ఇంటికి పంపుతరు. జర మా పిల్లలకు ఇటలీ గురించి అరగంట చెప్పు. వాళ్లు గూడ విని ఖుషీ అయితరు."

"అరగంట ఎందుకురా, ఇరవై నిమిషాలు చాలు" అన్నాను. రెండు వేల ఏళ్ల నాగరికత గురించి అన్నమాట అది.

"ప్రశ్నలు మాత్రం అడగకు. నువ్వు అడిగినవంటే పంచాయితీ అయితది."

ఆ రోజు అందరికీ అర్థమయ్యే ఇంగ్లీషులో రోము కోటలు, వెనిస్ పడవలు, పాలరాతి శిల్పాలు, ఒపేరా, ఫుట్‌బాల్, అన్నిటినీ ఎక్స్‌ప్రెస్ రైలు చిన్న స్టేషన్లను దాటినట్టు దాటేశాను. ముందు వరుసలో ఇద్దరు అతిథులు. నెరిసిన జుట్టుతో నేపుల్స్ ఆవిడ రోసా, పక్కన బొలోన్యా నుంచి వచ్చిన మార్కో. ఇద్దరూ చిరునవ్వుతో వింటున్నారు. అక్కడితో దిగిపోయి ఉంటే మీకు ఈ వినోదం దక్కేది కాదు.

"చివరగా, ఇటలీ అంటే మాంసం కూరతో స్పగెట్టి" అన్నాను. "అసలైన కూర ఏ ఊరిదో మన అతిథులే చెప్పాలి."

యాదగిరి కళ్లు మూసుకున్నాడు.

"మాదే" అన్నారు ఇద్దరూ.

"మా ఊళ్లో దాన్ని స్పగెట్టితో ఎవరూ తినరు" అన్నాడు మార్కో. "ఖీమా సన్న సెగ మీద ఉడికించి, కాసిన్ని పాలు పోస్తాం."

"కూరలో పాలా? ఇంట్లో ఎవరికైనా జ్వరమా?" అంది రోసా. "పెద్ద ముక్కలు వేసి, టమాటాలతో పొద్దుట్నుంచి ఉడకనివ్వాలి."

"మీరు వండేది మాంసం కాదు, టమాటాలు."

ఆవిడ కుర్చీ దూరంగా జరుపుకుంది. మధ్యలో సంతకాల్లేని ఒప్పందం, దిక్కులేనిదానిలా.

"మాకూ ఇదే గొడవండి" అంది కోస్తా నుంచి వచ్చి కూకట్‌పల్లిలో ఉంటున్న సుబ్బలక్ష్మి, యాదగిరి టీములోనే పనిచేసే అమ్మాయి. "మా సార్ వాళ్లింట్లో పులుసు కాచకుండానే తాగేస్తారండి."

"పచ్చి పులుసును ఎవడన్న కాస్తడా? నువ్వు గూడ ఇప్పుడే మొదలువెట్టాల్నా?" అని యాదగిరి నా వైపు తిరిగాడు. "ఇగ నువ్వే ఏమన్న చెయ్యి. ఇరవై మంది నౌకరీ పోతది."

చేశాను. మైకు అందుకుని, తగువు తీర్చే పెద్దమనిషిలా గొంతు సవరించుకున్నాను.

"గొడవెందుకు? ఖీమా, ముక్కలు, పాలు, టమాటాలు అన్నీ ఒకే గిన్నెలో వేసేద్దాం. పైన గరం మసాలా, గుప్పెడు కొత్తిమీర. స్పగెట్టిని చిన్నచిన్న ముక్కలుగా విరుచుకుని, పెరుగు నంజుకుని చెంచాతో తినేద్దాం."

మార్కో ముఖం తెల్లబోయింది. రోసా మెల్లగా కుర్చీని అతని పక్కకు జరుపుకుని, భుజం మీద చెయ్యి వేసి, వాళ్ల భాషలో ఏదో అంది. ఇంట్లో మనిషి పోయినవాణ్ని ఓదార్చినట్టుంది. అతను తలూపి జేబులోంచి పెన్ను తీసి, ముందు ఆవిడకే ఇచ్చాడు.

"సంతకం పెడతాం" అంది రోసా. "ఒక్క షరతు. ఈయన ఇంకెవ్వరికీ ఇటలీని పరిచయం చేయకూడదు."

"ఈ జన్మల చెయ్యడు మేడం" అన్నాడు యాదగిరి, నా చేతిలోంచి మైకు లాక్కుంటూ.

రెండు దేశాల సాక్షిగా, గుండె మీద చెయ్యి వేసుకుని ప్రమాణం చేశాను. బతికున్నంత కాలం ఇటలీ గురించి పెదవి విప్పనని. ఈనాటి వరకు ఆ మాట తప్పలేదు. ఇప్పుడు మీకు చెప్పిందంతా నానక్‌రామ్‌గూడ గురించి.