చెడనిదాన్ని బాగుచేసిన రోజు

ఉత్తరాది మంచుదేశంలో సార్కియార్వి సరస్సు చుట్టూ ఉన్న పల్లెలకు పుస్తకాల బస్సు తిప్పే ఐలా హూత్తినెన్‌కు ఆ కొలువులో పందొమ్మిదేళ్ళు నిండాయి. బండి తోలేదీ ఆవిడే, పుస్తకాలు పద్దు రాసి ఇచ్చేదీ ఆవిడే. మొదట్లో పక్కసీట్లో ఒక సహాయకురాలు కూర్చునేది. మునిసిపాలిటీ వాళ్ళు ఆ ఉద్యోగం తీసేశాక సీటు మాత్రం మిగిలింది. ఇన్నేళ్ళలో బస్సు ఆలస్యమైంది రెండేసార్లు. రెండుసార్లూ రోడ్డుకు అడ్డంగా కణుజు, గుర్రమంత దుప్పి, నిలబడింది.

నియామక పత్రంలో రాయని పని ఇంకొకటి ఆవిడ మీద పడింది. ఆ పల్లెల్లో బ్యాంకు మూసేశారు, తపాలా కార్యాలయం మూసేశారు. పశువుల డాక్టరు చెప్పే పాఠమైనా, అడవి నరకడం గురించిన సభైనా, గుండె జబ్బువాళ్ళకు ఆస్పత్రి వాళ్ళ ఉపన్యాసమైనా ఇంట్లో తెర ముందు కూర్చుని చూడాల్సిందే. బొమ్మ వస్తే మాట రాదు, మాట వస్తే బొమ్మ కదలదు. అప్పుడు జనం బస్సు కోసం కాచుకునేవాళ్ళు. తిరిగి ఇవ్వాల్సిన పుస్తకంతోపాటు టాబ్లెట్ కూడా సంచిలో పెట్టుకుని వచ్చేవాళ్ళు.

ఐలా వైద్యానికి ఒక వరస ఉండేది. తెగులు మన ఇంట్లోనా, అవతలి ఇంట్లోనా అని మొదట చూసేది. మన ఇంట్లోదేనని తేలితే, నిన్న పనిచేసిందా, ఆ తరవాత ఏం ముట్టుకున్నారు అని అడిగేది. ఎవరూ ఎన్నడూ ఏమీ ముట్టుకుని ఉండరు. తెర మీద వేలిముద్రలు జిడ్డుగా కనిపిస్తూనే ఉంటాయి. ఐలా వాటిని చేతిరుమాలుతో తుడిచేసి, మాట మార్చేసేది. ఒక ఇంట్లో మాట వినపడక మూడు వారాలు అవస్థపడ్డారు. తీరా చూస్తే టాబ్లెట్ ముసలాయన చెవి యంత్రంతో జత కలిసి ఉంది. ఆయన దాన్ని ఆవిరిస్నానపు గది బయట అరలో పెట్టి మరిచిపోయాడు. ఉపన్యాసాలన్నీ మూడు వారాలుగా ఆ అర వింటోంది.

ఏదీ కుదరకపోతే చివరి మందు రౌటర్ తీగ పీకి మళ్ళీ పెట్టడం. పీకాక ఒక పరలోక ప్రార్థన, పెట్టాక మూడు. గడియారం చూస్తే మనిషికి తొందర పుడుతుందని, ప్రార్థన చదువుకుంటే యంత్రానికి కావలసిన వ్యవధి దానికి దక్కుతుందని ఆవిడ నమ్మకం. గబగబా చదివితే దీపం పచ్చబడదని కూడా నవ్వకుండా చెప్పేది.

మార్చి నెలలో ఒక శుక్రవారం ఆవిడ ఓయివా తొల్వానెన్ ఇంటి ముందు బండి ఆపింది. ఓయివాకు ఎనభై నాలుగేళ్ళు. సరస్సు మీద మంచు ఏ రోజు విడిపోయిందో ఆయన నలభై ఆరేళ్ళపాటు ఏటేటా రాసిపెట్టాడు. ఆ పుస్తకాలను మ్యూజియానికి ఇస్తే, రేత్తా అనే పరిశోధకురాలు వాటి మీద అయిదేళ్ళు పనిచేసింది. ఆ రోజు మధ్యాహ్నం పన్నెండింటికి పట్నంలో విశ్వవిద్యాలయం వాళ్ళు ఆ అమ్మాయిని అందరి ఎదుట ప్రశ్నించి పట్టా ఇస్తారు. ఇంటర్నెట్‌లో చూడవచ్చు గాని, అది ఆ ఒక్కసారే. దాచి ఉంచరు.

ఓయివా మనసులో ఉన్నది ఐలాకు రెండు వారాల కిందటే తెలుసు. పందొమ్మిది వందల ఎనభై ఒకటిలో మంచు విడిపోయిన పొద్దున ఆయన గట్టు మీద లేడు. భార్య లెంపికి ఆపరేషను జరిగితే పట్నం ఆస్పత్రిలో వారం రోజులు మంచం పక్కనే ఉన్నాడు. తిరిగి వచ్చేసరికి నీళ్ళు తేటగా ఉన్నాయి. మే పద్నాలుగు అని ఉజ్జాయింపుగా రాసేశాడు. ఆ తప్పు తేదీ ఇప్పుడు ఆ పిల్ల చదువులోకి ఎక్కిందేమో, దాని పునాది మీద ఏం కట్టిందో అని ఆయనకు నిద్ర పట్టడం లేదు. ఫోను చేసి చెప్పడానికి నోరు రాలేదు. ఏం చెబుతుందో విని, తప్పు ఎక్కి ఉంటే అప్పుడు ఒప్పుకుంటానన్నాడు.

పన్నెండుకు అయిదు నిమిషాలుందనగా టాబ్లెట్ వంటగది బల్ల మీద నిలబెట్టారు. ఓయివా ఇస్త్రీ చొక్కా వేసుకుని కూర్చున్నాడు. పన్నెండైంది. తెర మీద బూడిదరంగు తప్ప ఏమీ లేదు.

ఆ పల్లెల్లో పన్నెండంటే పన్నెండే. పెళ్ళికి ఒక్క నిమిషం ఆలస్యంగా వచ్చినవాడి గురించి పదేళ్ళు చెప్పుకుంటారు. పన్నెండూ నాలుగుకు ఐలా పేజీని మళ్ళీ తెరిచింది. బూడిదరంగే. పన్నెండూ ఆరుకు టాబ్లెట్ ఆపి మళ్ళీ వేసింది. బల్ల మీద ఓయివా వేళ్ళు ఒకదాన్నొకటి రుద్దుకుంటున్నాయి. ఆ వేళ్ళను చూసి ఐలా తన వైద్యపు వరస మరిచింది. వెళ్ళి రౌటర్ తీగ పీకింది.

ఒక ప్రార్థన అయింది. తీగ పెట్టింది. మూడు అయ్యాయి. నాలుగోదీ అయ్యింది. దీపం ఎర్రగా వెలుగుతూ ఆరుతూ ఉంది గాని పచ్చబడలేదు. పాత రౌటర్, నిద్ర లేపితే లేవనని మొండికేసింది.

తెగులు అవతలిదేమో చూసి వస్తానని ఐలా బస్సులోకి పరిగెత్తింది. పుస్తకాలు రాసుకునే కంప్యూటరుకు బస్సు మీదున్న యాంటెన్నాతో వేరే సంధానం ఉంది. అందులో తెరిస్తే బొమ్మ నిక్షేపంగా వస్తోంది. నల్లటి దుస్తుల్లో ముగ్గురున్నారు, ఒక అమ్మాయి నిలబడి మాట్లాడుతోంది. వాళ్ళ వెనక గోడ గడియారం పన్నెండూ పద్దెనిమిది చూపిస్తోంది. అప్పుడు వెలిగింది ఆవిడకు. విశ్వవిద్యాలయంలో పన్నెండని చెబితే పన్నెండుంపావుకు మొదలుపెడతారు, అది వాళ్ళ పాత ఆచారం. ఆ పావుగంటా ఇంట్లో ఏదీ చెడలేదు. చెడగొట్టింది తనే.

వంటగదిలోకి వచ్చి ఆ మాటే చెప్పింది. "ఓయివా, తప్పు నాది. అప్పటికి అది ఇంకా మొదలే కాలేదు. నేను ఊరికే ఉన్న రౌటర్‌ను పీకాను."

"నువ్వు పీకకపోతే నేనే పీకేవాణ్ణి," అన్నాడు ఓయివా. "ఇప్పుడేం చేద్దాం?"

తరువాతి మజిలీ సరస్సు అవతలి గట్టున, పాలడబ్బాలు పెట్టే పాత అరుగు దగ్గర. అక్కడ పన్నెండూ నలభైకి ఉండాలి, చలిలో మనుషులు నిలబడి ఉంటారు. చదివేవాళ్ళను బస్సులో ఎక్కించుకు తిప్పే అలవాటు లేదు. ఐలా ఖాళీ సీటు వైపు చూసి, నిబంధనల పుస్తకంలో ఈ సంగతి రాసి లేదని గుర్తు చేసుకుని, కోటు వేసుకోమంది.

టాబ్లెట్‌ను బస్సు సంధానానికి కలిపి, ఓయివా ఒళ్ళో పెట్టింది. బొమ్మ నాణ్యతను బాగా తగ్గించింది. దారిలో కొండలున్నాయి, బొమ్మకీ మాటకీ రెండింటికీ చోటు చాలదు, బొమ్మ మసకైనా మాట తెగకూడదంది. కొండ ఎక్కేటప్పుడు రెండు నిమిషాలు మాట కూడా తెగింది. ఐలా మందలించకుండానే ఓయివా ఏ మీటా ముట్టుకోకుండా చేతులు కట్టుకుని కూర్చున్నాడు. కొండ దిగగానే మాట దానంతటదే వచ్చింది.

అరుగు దగ్గరికి చేరేసరికి ఏడు నిమిషాలు ఆలస్యమైంది. ముగ్గురు నిలబడి ఉన్నారు. వాళ్ళలో పెద్దది తైమి, డెబ్భై ఎనిమిదేళ్ళ మనిషి, పుస్తకాల సంచి గుండెలకు హత్తుకుని ఉంది. "కణుజా?" అని అడిగింది. ఐలా సంగతి రెండు ముక్కల్లో చెప్పింది. ఎవరూ విసుక్కోలేదు. బూట్ల మంచు దులుపుకుని, అరల మధ్య నిలబడి వాళ్ళూ చూడసాగారు. తైమి సంచిలోంచి యాలకుల రొట్టె తీసి, ముక్క విరిచి ఓయివా చేతిలో పెట్టింది.

అప్పుడే తెర మీదికి ఒక పటం వచ్చింది. ఏటికొక చుక్క అని మాట వినపడుతోంది, చుక్కలు మాత్రం తుంపర్లలా కలిసిపోయాయి. ఓయివా ముక్కు అద్దానికి ఆనేదాకా వంగాడు. నాణ్యత పెంచితే మొత్తం ఆగిపోతుందని ఐలా చెయ్యి వెనక్కి తీసుకుంది.

ఆ ముగ్గురిలో ఒకతె, ముసలివాళ్ళ ఇళ్ళకు వెళ్ళి సేవ చేసే మార్యుత్, వెనక నిలబడి ఉంది. ఆవిడ ఫోను వేరే కంపెనీది, ఈ గట్టున దానికి సిగ్నలు బాగా అందుతుంది. ఐలా అడగగానే తెరిచింది. ఫోనులో ప్రసారం టాబ్లెట్ కంటే పది సెకన్లు ముందుంది. రెండు గొంతులు ఒకదాన్నొకటి తరుముతుంటే ఫోను నోరు నొక్కేశారు. బొమ్మ ఫోనులో, మాట టాబ్లెట్‌లో. పటాన్ని వేళ్ళతో పెద్దది చేశారు. ఎనభైకి చుక్క ఉంది. ఎనభై రెండుకి ఉంది. మధ్యలో ఖాళీ.

"తీసేసింది," అన్నాడు ఓయివా. "అబద్ధమని పట్టేసింది." చేతిలో రొట్టె ముక్క అలాగే ఉండిపోయింది.

ప్రశ్నించడానికి వచ్చిన పెద్దమనిషి కూడా అదే చోటు చూపించి అడిగాడు, నలభై ఆరేళ్ళలో ఆ ఒక్క ఏడు ఎందుకు వదిలేశారని. ఫోనులో ఆ అమ్మాయి పెదవులు కదిపి, ఆగి, చిన్నగా నవ్వింది. మాట ఇంకా రాలేదు. బస్సులో అందరూ ఆ నవ్వు చూసి, మాట కోసం టాబ్లెట్ వైపు తిరిగారు.

"ఆ ఒక్క తేదీ పెన్సిలుతో ఉందండి," అంది టాబ్లెట్‌లో రేత్తా గొంతు. "మిగతా నలభై అయిదూ సిరాతో ఉన్నాయి. ఆ పొద్దున ఆయన గట్టు మీద లేడని అనుకున్నాను. తెలియనిదాన్ని పెన్సిలుతో రాసిన మనిషి గనక, సిరాతో రాసినవి నమ్మాను."

ఓయివా కళ్ళజోడు మసకబారింది. ఐలా దాన్ని తీసి, తెరలు తుడిచే రుమాలుతోనే తుడిచి మళ్ళీ పెట్టింది.

"తరవాత ఎవరినైనా అడిగి దిద్దుదామని పెన్సిలుతో రాశాను," అన్నాడు ఓయివా. "అడగలేదు. లెంపికి మళ్ళీ తిరగబెట్టింది, ఆ పుస్తకం సంగతి పక్కకు పోయింది."

తైమి సంచి కింద పెట్టింది. "ఎనభై ఒకటా? మాతృదినోత్సవం నాడు పోయింది మంచు. మా అమ్మాయి కైసాకు బాప్తిస్మం ఆ రోజే. రోడ్లన్నీ బురదలో దిగబడి పాస్టరు కారు రాలేదు. ముందురోజు సాయంత్రం దాకా సరస్సు మీద మంచుంది, రాత్రి గాలికి కొట్టుకుపోయింది. పొద్దున్నే ఆయన పడవ వేసుకుని వచ్చాడు, ఒళ్ళంతా తడిసి. చర్చి పుస్తకంలో తేదీ ఉంటుంది, వెళ్ళి చూసుకోండి."

"మరి నలభై ఏళ్ళు నాకు చెప్పలేదేం?"

"అడిగావా నువ్వు? ఆ గట్టున నువ్వు, ఈ గట్టున నేను. మంచు గురించి నీకు చెప్పడమంటే చేపకు ఈత నేర్పడమని ఊరుకున్నాను."

మార్యుత్ తన ఫోనులో క్యాలెండరు వెనక్కి తిప్పి, ఆ ఏడు మాతృదినోత్సవం మే పదో తేదీ అని చెప్పింది. నాలుగు రోజుల తేడా.

ప్రశ్నలు ఇంకా నడుస్తున్నాయి. ఐలా తరువాతి మజిలీకి ఫోను చేసి, అరగంట ఆలస్యమవుతుందని, బండి బాగానే ఉందని, కారణం తనేనని చెప్పింది. ఆ తరవాత కంప్యూటరు ముందు కూర్చుని ఓయివా చెప్పింది చెప్పినట్టు రేత్తాకు ఉత్తరం టైపు చేసింది. తాను ఆ రోజు ఆస్పత్రిలో ఉన్నానని, ఆ తేదీ ఊహించి రాసినదని, అసలు తేదీ మే పది అని, చర్చి పుస్తకంతో సరిచూసుకోమని అందులో రాయించాడు. కింద ఆయన పేరు పెట్టి, తేదీ పక్కన కూడా చూసినది ఓయివా తొల్వానెన్ అని అలవాటుగా రాసి, చదివి వినిపించింది.

"తేదీ పక్కన నా పేరు కాదు," అన్నాడాయన. "చూసింది తైమి. ఆవిడ పేరు పెట్టు."

"నా పేరెందుకు, నేనేం చదువుకున్నదాన్నా," అంది తైమి.

"నువ్వు గట్టు మీద ఉన్నావు. నేను లేను."

తైమి సంచి మళ్ళీ చేతిలోకి తీసుకుంది. ఐలా తేదీ పక్కనున్న పేరు చెరిపి, తైమి పూర్తి పేరు అక్షరమక్షరం అడిగి రాసుకుని, పంపించే మీట నొక్కింది.