ఎర్ర గీతల ఫుట్‌బాల్

పక్షవాతం వచ్చి మా ఆయన కుడిచెయ్యి పడిపోయాక, ఇంటికొచ్చే థెరపిస్ట్ అమ్మాయి ఒక మెత్తటి బంతి ఇచ్చి రోజూ పిసకమంది. ఈయనేమో దాన్ని సోఫా కిందికి దొర్లించేసేవారు. డాక్టరై ఉండి, రోగులందరికీ వ్యాయామాలు చెప్పిన మనిషి! ఇప్పుడు కదపకపోతే ఆ వేళ్లు ఇక ఎప్పటికీ కదలవేమోనని నాకు గుండెల్లో దడ. బతిమాలాను, తిట్టాను. ఊహూఁ. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు.

పోయిన నెల మా అమ్మాయి హెర్న్‌డన్ నుంచి వచ్చి, గరాజ్ సర్దుతూ ఒక పాత ఫుట్‌బాల్ గేమ్ బయటికి తీసింది. బ్యాటరీతో నడిచేది, అరచేతిలో పట్టేంతది. ఇప్పటి గేముల్లోలా అందులో మనుషులుండరు, చిన్న చిన్న ఎర్ర గీతలు వెలుగుతాయంతే. బాగా వెలిగే గీత మనం, మిగతావి మనల్ని పడగొట్టడానికి వచ్చేవాళ్లు. ఈ దేశానికి కొత్తగా వచ్చిన రోజుల్లో, హాస్పిటల్లో సోమవారం పొద్దున అందరూ ఆదివారం మ్యాచ్ గురించే, అదే బంతిని చేత్తో పట్టుకుని పరిగెత్తే ఇక్కడి ఫుట్‌బాల్ గురించే మాట్లాడుతుంటే, క్రికెట్ తప్ప ఇంకోటి తెలియని ఈయన దీన్ని కొనుక్కొచ్చి ఆట నేర్చుకున్నారు. దాని కీచుకీచులకి నా తల బద్దలయ్యేది.

ఆ చిన్న తెర మీద చోటు చాలక, అందులో గీత కుడి అంచుకు చేరితే మాయమై ఎడమ అంచులోంచి మళ్లీ వస్తుంది. అసలాటా అంతే అనుకున్నారు మహానుభావుడు. మొదటిసారి ఒక తెలుగు డాక్టరుగారింట్లో టీవీలో మ్యాచ్ చూస్తూ, బంతి పట్టుకున్నవాడు చివరిదాకా పరిగెత్తగానే, "చూడండి, ఇప్పుడిటు నుంచి వస్తాడు" అని ఎడమవైపు చూపించారు. ఇల్లంతా ఒకటే నవ్వులు. అందరికంటే గట్టిగా ఈయనే నవ్వారు. ఆ నవ్వు విని ఎన్నాళ్లయిందో.

అమ్మాయి కొత్త బ్యాటరీ వేసి, "నాన్నా, ఒకసారి ట్రై చెయ్" అని చేతిలో పెట్టింది. ముందుకు పరిగెత్తించే బటన్ కుడి బొటనవేలి కింద ఉంటుంది. వేలు కదల్లేదు. ఉండబట్టలేక దానిమీద నా వేలు వేశాను.

"నువ్వు తియ్యి" అన్నారు.

తీశాను. ఆ ఆటలో మనం కదిలేదాకా ఎదుటివాళ్లూ కదలరు. గీతలన్నీ అలాగే వెలుగుతూ నిలబడ్డాయి. ఆయన నుదుటి మీద చెమట పట్టింది. నేను తెలిసిన దేవుళ్లందరికీ మొక్కేశాను.

వేలు వణికింది. బటన్ కిందికి దిగింది. గీత ఒక్క అడుగు ముందుకు వేసింది, వెంటనే ఎవడో పడగొట్టేశాడు. విజిల్ మోగింది.

నేను భోరుమన్నాను.

"ఏడుస్తావేంటే?" అన్నారు, గేమ్ మీంచి కళ్లు తిప్పకుండా. "ఇందులో నాలుగు ఛాన్సులిస్తారు. ఒక్కటేగా అయింది."