చిలుము పట్టిన గోడ

“ఎంత ప్లాస్టరు పడితే అంత పొయ్యండి. ఇక్కడే షెడ్డులో సెట్ వేసుకోండి. ఆ సొరంగంలోకి మాత్రం నువ్వు వెళ్ళొద్దు,” అన్నాను.

“ఎవరూ, నువ్వేనా ఈ మాటనేది?” అని నవ్వాడు మావాడు. “అరిగిపోయిన సబ్బు పలుకుని కొత్త సబ్బుకి అతికించే మనిషివి. వేరేవాళ్ళ డబ్బయ్యేసరికి చెయ్యి విప్పావే!”

“నవ్వకు. మీ నాన్న ఆ కొండలోనే పని చేశాడు. నాకు తెలుసు.”

“అమ్మా, గని మూసేసి ఎన్నేళ్ళయింది? ఇప్పుడు తవ్వేవాళ్ళు లేరు, పేల్చేవాళ్ళు లేరు. వట్టి గోడలే.”

“అందుకే చెప్తున్నా. తవ్వే రోజుల్లో పైకప్పు చూసేవాళ్ళుండేవాళ్ళు. ఇప్పుడెవరు చూస్తున్నారు?”

“మా సినిమా మేనేజరు గారు పర్మిషన్ తెచ్చారమ్మా.”

“తెచ్చి రాయికి చూపిస్తాడా?”

వాకిట్లో బట్టలు ఆరేస్తున్న కోడలు గుమ్మంలోకి వచ్చింది. దానిది యూసుఫ్‌గూడ, అక్కడే పుట్టి పెరిగింది. “జర ఆగు అత్తమ్మా. గాయన పోకుంటే ఇంకోడు పోతడు. పని గూడ వాడికే పోతది. గప్పుడు కిరాయి ఎవరు కడ్తరు?”



మావాడు సినిమాలకి బండలు చేస్తాడు. ఫిల్మ్ నగర్ షెడ్లలో చెక్క చట్రం కట్టి, గోనెపట్టా కప్పి, ప్లాస్టరు పూసి రంగులు వేస్తే గుహ కావలసినవాళ్ళకి గుహ, కోట కావలసినవాళ్ళకి కోట తయారవుతుంది. పని అయిపోయాక మిగిలిన దొంగ బండల్ని పారేయనివ్వను నేను. మా వాకిట్లో వాటి మీద కోడలు అప్పడాలు ఎండబెడుతుంది.

ఈసారి సినిమాలో రాగి గని కావాలన్నారు. సెట్ వేసే బదులు అసలు గనిలోనే తీద్దామని ఎవరో అన్నారు. ఎక్కడెక్కడో వెతికి చివరికి మా గనికే వెళ్ళారు. కొండంతా మెట్లు మెట్లుగా తవ్వేసిన పెద్ద గొయ్యి అది. అంచున నిలబడి చూస్తే అడుగున లారీ అగ్గిపెట్టెలా కనపడేది. ఆ గొయ్యి గోడలోంచి లోపలికి సొరంగాలుంటాయి. మావాడు అంతకుముందు వారమే ఒకసారి వెళ్ళి, ట్యాంకరు తెప్పించి సొరంగం గోడలు, పైకప్పు తడిపించి వచ్చాడు. సినిమావాళ్ళకి అది అలవాటు. రోడ్డయినా గోడయినా కెమెరా పెట్టే ముందు తడుపుతారు. తడిస్తే రంగు లేస్తుందంటారు.

ఎలా వచ్చిందో చూడమని ఫోను నా చేతికిచ్చాడు. గోడ నిండా ఆకుపచ్చ, నెమలి మెడలా మెరుస్తోంది. వాడికది అందంగా ఉంది. నేను ఫోను బోర్లా పెట్టేశాను.

తోమని రాగిచెంబుకి చిలుము పడుతుంది కదా, ఆ ఆకుపచ్చ అదే. లోపల దాగి ఉన్న రాగిరాయి పసుపుపచ్చగా, ఇత్తడిలా మెరుస్తుంది. నీళ్ళూ గాలీ తగిలిన చోటే ఆకుపచ్చ తిరుగుతుంది. ఆకుపచ్చ కనపడిందంటే ఎప్పుడో అక్కడికి నీళ్ళు దారి చేసుకున్నాయని మా ఆయన చెప్పేవాడు. ఆ కొండలో రాయి తాండ్ర పొరల్లా ఒకదాని మీద ఒకటి ఉంటుంది. పొరకీ పొరకీ మధ్య సన్నటి బంకమన్ను. ఎండినన్నాళ్ళూ అది పట్టుకునే ఉంటుంది. తడిస్తే పై పొర జారుతుంది. గనిలో వాళ్ళు ఆ ఆకుపచ్చ కింద నిలబడి చుట్ట కూడా ముట్టించేవాళ్ళు కాదు. అలాంటి చోటికి మావాడు ట్యాంకరుతో నీళ్ళు కొట్టించాడు. పొద్దున షూటింగుకి ముందు మళ్ళీ కొట్టిస్తాడట.

గనిలో దిగేవాళ్ళు ఒక్కొక్కరూ తమ నంబరు బిళ్ళ గేటు దగ్గర బోర్డుకి తగిలించి దిగేవాళ్ళు. పైకి వచ్చాక తీసుకునేవాళ్ళు. సైరన్ మోగితే ఆడవాళ్ళం పొయ్యి మీదవి పొయ్యి మీదే వదిలేసి గేటు దగ్గరికి పరిగెత్తేవాళ్ళం. నాకు చదువు పెద్దగా లేదు కానీ మా ఆయన బిళ్ళ మీది అంకె ఎంత దూరం నుంచైనా గుర్తుపట్టేదాన్ని. ఒక వానాకాలం మధ్యాహ్నం అలాగే పరిగెత్తాం. పక్కింటావిడ నా చెయ్యి పట్టుకుని ఉంది. మా ఆయన ఒళ్ళంతా బురదతో వచ్చి బిళ్ళ తీసుకున్నాడు. వాళ్ళాయన బిళ్ళ మాత్రం బోర్డు మీదే ఉండిపోయింది. పొద్దున పైకప్పుని కడ్డీతో కొట్టి చూస్తే, గట్టి రాయిలా ఖంగుమన్న చోటేనట అది. నీళ్ళు దిగింది ఆ తర్వాత. ఆవిడ నా చెయ్యి వదల్లేదు. విడిపించుకోవడానికి నాకు ధైర్యం చాల్లేదు.

ఇప్పటికీ జూబ్లీహిల్స్‌లో సెల్లార్ కోసం బండ పేల్చేముందు ఈల వేస్తే నా చేతిలో ఏముంటే అది జారిపోతుంది.

వ్యాను వచ్చి కింద హారన్ కొట్టింది. మావాడు సంచి భుజాన వేసుకున్నాడు. వెళ్ళొద్దంటే వినడని నాకు తెలిసిపోయింది. తాడు కొనడం దండగని మేము బట్టలు ఆరేసుకునే కడ్డీ మీది తడి బట్టలన్నీ తీసి కోడలి చేతుల్లో పడేశాను.

“ఏంది అత్తమ్మా, ఇప్పుడే ఆరేసిన గద!”

ఆ కడ్డీ మా ఆయనదే. గనిలోంచి వస్తూ తెచ్చుకున్నాడు. నా కంటే పొడుగు. దాన్ని ఈడ్చుకుంటూ ఇంటి వెనక్కి వెళ్ళాను. మా ఇంటి మీదికి వంగినట్టుండే పెద్ద బండ ఉందక్కడ. చుట్టాలొస్తే దాన్ని చూసి లోపల పడుకోవడానికి భయపడతారు. నేను భయపడను. ఈ ఊరి బండ ఒకటే ముద్ద, దానికి పొరల్లేవు. కడ్డీతో ఒక దెబ్బ వేశాను. ఖంగుమంది.

“విన్నావా?”

“విన్నానమ్మా. వ్యాను ఆగి ఉంది.”

వాకిట్లోకి తిరిగొచ్చి అప్పడాల కిందున్న ప్లాస్టరు బండ మీద కొట్టాను. డొల్లగా మోగింది. అప్పడం విరిగింది.

“ఇదీ విన్నావా? లోపల పొర విడిపోతే అసలు రాయి కూడా ఇలాగే పలుకుతుంది. నువ్వు దూరంగా నిలబడి, ముందు పైకప్పు కొట్టు. ఆ తర్వాతే ఎవరినైనా పిలువు. తడిపిన చోట మళ్ళీ కొట్టు.”

“వ్యానులో అందరూ నవ్వుతారమ్మా.”

“నవ్వనీ. నవ్వేవాళ్ళంతా బతికే ఉంటారు.”

వాడింక నవ్వలేదు. కడ్డీ తీసుకుని దిగాడు. వ్యానులో పట్టక కిటికీలోంచి చివర బయటికి పెట్టుకున్నాడు. వ్యాను షేక్‌పేట వైపు తిరిగేదాకా ఆ చివరనే చూస్తూ నిలబడ్డాను.

ఆ సాయంత్రం అన్నం సయించలేదు. పారేయడం ఇష్టం లేక నీళ్ళు పోసి ఉంచాను. కోడలు టీవీ పెట్టి మాట వినపడకుండా తగ్గించేసింది. ఇద్దరం బొమ్మలు చూస్తూ కూర్చున్నాం. ఏం చూశామో ఇద్దరికీ తెలీదు.

తెల్లారాక, పాల ప్యాకెట్ కత్తిరిస్తుంటే ఫోను మోగింది. కోడలే ఎత్తి స్పీకరు పెట్టింది.

“అమ్మా, సొరంగం మొగదల ఖంగుమంది,” అన్నాడు మావాడు. “తడిపిన చోట ఖంగుమనలేదు. మన అప్పడాల బండలాగే ఉంది.”

మేనేజరు అరిచాడట. హీరో డేట్లు మీ అమ్మ ఇస్తుందా అన్నాడట. వీడు కడ్డీ అడ్డంగా పట్టుకుని సొరంగం మొగలో నిలబడి, ఇంకోసారి కొట్టి చూపించాడట. ఆ చప్పుడు విన్న లైట్లవాళ్ళు అడుగు లోపల పెట్టలేదు. లోపలికి వేసిన వైర్లని బయట నిలబడే లాగేసుకున్నారు. షూటింగు ఆగింది. వీణ్ణి రేపటి నుంచి రావద్దన్నారు. బస్సు కోసం రోడ్డు మీద నిలబడి మాట్లాడుతున్నాడు.

“రాయి పడిందా?” అనడిగాను.

“లేదమ్మా. అలాగే ఉంది.”

కోడలు ఫోను పెట్టేసింది. “పని పాయె,” అంది. మొహం కొంగుతో తుడుచుకుని లోపలికి వెళ్ళింది. నిన్నటి తడి బట్టల బకెట్టు తెచ్చింది. కడ్డీ లేదు కాబట్టి ఇంటి వెనక బండ మీద పరిచింది.