సగం చదివి రాసిన సన్మాన పత్రం

పుస్తకం సగం చదివినవాళ్ళూ పూర్తిగా చదివినవాళ్ళూ బయటికి ఒకేలా కనిపిస్తారన్న సంగతి ఆ రోజుల్లో నాకు గొప్ప ధైర్యాన్నిచ్చేది. నేను పెద్దగా మాట్లాడేదాన్ని కాదు. మాట్లాడని మనిషికి అన్నీ తెలుసని లోకం తనంతట తానే అనుకుంటుంది, కాదని చెప్పాలంటే మళ్ళీ మాట్లాడాలి, అంచేత నేను ఊరుకునేదాన్ని. అప్పటికి వనపర్తిలో ఒక ప్రైవేటు కాలేజీలో ఇంటర్ పిల్లలకు సివిక్స్ చెబుతున్నాను. గవర్నరు అధికారాల పాఠమంతా బోర్డు వైపు తిరిగే చెప్పాను (ఆ ఏడు నా పిల్లలకు గవర్నరు కంటే నా జడ గురించే ఎక్కువ తెలిసి ఉంటుంది). ఎవరితోనైనా తప్పనిసరిగా మాట్లాడాల్సి వస్తే, ఏమనాలో ముందు రోజే డైరీలో రాసుకునేదాన్ని. ఇంట్లో మాత్రం మూలన కూర్చుని చదువుతూ ఉండేదాన్ని కాబట్టి, బంధువుల్లో నాకు పండితురాలన్న పేరొచ్చింది. నా కొంప ముంచింది ఆ పేరే.

మా మేనమామ వనపర్తి కోర్టులో వకీలు. ఒక ఆదివారం వచ్చి, చెప్పులు విడుస్తూనే, "కోడలా, రాజ్యాంగం సారుకు నాగర్‌కర్నూల్ల సన్మానం చేస్తున్నం. సన్మాన పత్రం నువ్వే రాయాలె" అన్నాడు.

"దానితోని ఏడయితది తమ్మీ," అంది అమ్మ. "సుట్టాలొస్తె వంటింట్లకెళ్ళి బయటికి రాదు."

"రాసుడే గదక్కా. మాట్లాడమని ఎవలన్నరు?"

(రాసినవాళ్ళే వేదిక మీద చదవాలన్న సంగతి మామ చివరి రోజు దాకా చెప్పలేదు. వకీలు కదా.)

రాజ్యాంగం సారు మామకు గురువు. గట్టు మండలంలో ఒక పల్లెలో మెట్ట సేద్యం చేసుకునే ఇంట్లో పుట్టి, హైదరాబాదులో ముప్పై ఏళ్ళకు పైగా రాజ్యాంగ చట్టం బోధించి, రిటైరై గద్వాలలో ఉంటున్నారు. మొదట్లో కోర్టులో కొన్నాళ్ళు వాదించారట. అవతలి వకీలు ఏమంటాడో ముందుగా ఆలోచించుకోక మొదటి కేసే ఓడిపోయి, ఆ సిగ్గుతో పాఠాలు చెప్పడానికి వచ్చారట. "క్లాసుల మనకు నచ్చని దిక్కే ముందుగాల వాదించాలె. నన్ను మూడు నెలలు సర్కారు దిక్కు మాట్లాడిపిచ్చిండు. ఇంటికి పోతె గూడ సర్కారు లెక్కనే మాట్లాడుతుంటి" అన్నాడు మామ. నేను ఈ మాటను శ్రద్ధగా డైరీలో రాసుకున్నాను. రాసుకోవడమే, బుర్రకెక్కలేదు.

ఆయన జీవితమంతా ధారపోసి రాసింది ఒకే ఒక్క పుస్తకం, లావుపాటి ఇంగ్లీషు పుస్తకం. నల్లమల వంటి అడవి ప్రాంతాల్లో ఏదైనా చట్టం అక్కడి ప్రజలకు కీడు చేసేలా ఉంటే, అది వాళ్ళకు వర్తించకుండా ఆపే అధికారం రాజ్యాంగం గవర్నరుకు ఇచ్చింది. ఆ అధికారం గురించే ఆ పుస్తకం. సెలవులన్నీ నల్లమల గూడేల్లో గడిపి రాశారట. సన్మానానికి ఆ గూడేలవాళ్ళు కూడా వస్తారనీ, తమ భూముల విషయంలో ఒక చట్టాన్ని ఆపమని గవర్నరు పేర రాసిన అర్జీని ముఖ్య అతిథిగా వచ్చే పెద్దాఫీసరు చేతికి అక్కడే ఇస్తారనీ మామ చెప్పాడు. "గా అర్జీకి సారు బుక్కే బలం. నీ పత్రం ఇన్నంక ఆఫీసరు తీస్కోనని అనొద్దు. గంత గట్టిగ రాయి" అని పుస్తకం నా ఒళ్ళో పెట్టి పోయాడు.

పుస్తకం చదవడానికి పది రోజుల గడువు. అందులో ఏడు రోజులు ఆ పుస్తకం మధ్యలో నవల పెట్టుకుని చదివాను (అమ్మ నాకు పాలు కూడా కాచి ఇచ్చింది, లా పుస్తకం చదువుతున్నానని). మిగిలిన మూడు రోజుల్లో మొదటి భాగం పూర్తి చేశాను. న్యాయంగా చెప్పాలంటే దాంట్లో మునిగిపోయాను. గవర్నరు అధికారం ఆయన ఇష్టమనీ, వాడాలా వద్దా అని ఎవరూ నిలదీయలేరనీ, నిలదీస్తే రాజ్యం ఎలా నడుస్తుందనీ ఒకదాని మీద ఒకటి పేర్చిన ఇటుకల్లా వాదం. ఎక్కడా వెక్కిరింత లేదు, తొట్రుపాటు లేదు. చివరి వాక్యం దగ్గర నేను తల ఊపాను కూడా. తర్వాత రెండో భాగం తిప్పి చూస్తే గూడేల పేర్లు, మనుషులు చెప్పిన మాటలు, చేతిరాత పటాలు. ఇవి పుస్తకం వెనక చేర్చే కాగితాలేమో అనుకుని మూసేశాను.

సారును స్వయంగా కలవాలని మామ పట్టుబట్టడంతో పదకొండు ప్రశ్నలు రాసుకుని గద్వాల వెళ్ళాను. ఒక్కటీ అడగలేదు. ఆయనే నా ఊరు, చదువు, మా పొలంలో ఏం పండుతుందీ అన్నీ అడిగారు. ఆయన భార్య మజ్జిగ ఇచ్చారు. గ్లాసు అడ్డం పెట్టుకుని తాగుతూ ఉండగా సారు అన్నారు, "బుక్కు చదివినవామ్మా?"

"చదివిన సార్."

"మొత్తం?"

"మొత్తం సార్." మజ్జిగ అయిపోయినా గ్లాసు దించలేదు. ఇంకేదో అనాలనిపించి, "మొదటి భాగం చాల మంచిగున్నది సార్" అన్నాను.

ఆయన ముఖం వెలిగిపోయింది. "మొదటి భాగమా? అందరు దాన్ని దాటేసి రెండోదే చదువుతరమ్మా. నాకు ఎక్కువ కష్టమైంది గదే. తెల్లారులు కూసొని రాసిన."

ఇంక కావలసిందేముంది? బస్సులో కిటికీ పక్కన కూర్చుని పత్రం పూర్తి చేశాను. సన్మాన పత్రాల పద్ధతి మీకు తెలిసిందే, ప్రతి పేరా నెత్తిన ఒక సంబోధన ఉండాలి. "ఓ విద్వన్మణీ", "ఓ న్యాయకోవిదా" అయిపోయాక, "గవర్నరు విచక్షణను ప్రశ్నించే హక్కు ఎవ్వరికీ లేదని లోకానికి చాటిన ధీశాలీ" అని రాశాను. ఆ వాక్యం నాకెంత నచ్చిందంటే డైరీలో కూడా ఎక్కించుకున్నాను. మామ కోర్టుకు పోయే తొందరలో పైపైన చూసి, "బరువుగున్నది" అని మెచ్చుకుని ప్రెస్సుకు ఇచ్చాడు. బంగారు రంగు అంచుతో అచ్చు వేసి, ఫ్రేము కట్టించి తెచ్చాడు.

నాగర్‌కర్నూల్లో ఆ రోజు హాలు నిండింది. ముందు వరసలో గూడేలవాళ్ళు పాతికమంది, వాళ్ళ మధ్య అర్జీని ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని ఒక పెద్దమ్మ. నేను కళ్ళు ఎత్తకుండా చదివాను. ధీశాలి దగ్గర గొంతు కాస్త పెంచాను కూడా. చప్పట్లు వచ్చాయి. వేదిక మీద మామ చేయి మాత్రం సగంలో ఆగిపోవడం చూశాను, ఎందుకో అర్థం కాలేదు.

అర్థం చేయించినవారు పెద్దాఫీసరు. ఆయన మైకు అందుకుని, ముఖంలో ఏదో భారం దిగిన కళతో అన్నారు, "పత్రం విన్నాక నాకో విషయం స్పష్టమైంది. ఈ అధికారం గవర్నరు గారి ఇష్టమని, ఎవరూ ప్రశ్నించలేరని ప్రొఫెసరు గారే తేల్చారు. కాబట్టి అర్జీ ఇద్దామని వచ్చినవాళ్ళు మరొకసారి ఆలోచించుకుంటే మంచిది."

ముందు వరసలో పెద్దమ్మ లేచి నిలబడింది. ఆఫీసరును కాదు, నన్నే చూస్తోంది. "ఏంది బిడ్డా, గవర్నర్ సారును ఎవలడగొద్దా? అడుగుండ్రి అని మాకు చెప్పింది గీ సారే గదా."

అప్పుడు రాజ్యాంగం సారు, మెడలో దండ అలాగే ఉండగా, మెల్లగా మైకు దగ్గరికి వచ్చారు. ఆయన ముఖంలో కోపం లేదు. అది ఉన్నా బాగుండేది.

"పరేషాన్ గాకుండ్రి. అమ్మాయి రాసింది నా బుక్కుల ఉన్నదే. అవతలోళ్ళు ఏమంటరో, వాళ్ళకంటె మంచిగ ముందుగాల నేనే చెప్తా. మొదటి భాగం మొత్తం గదే. గింత మంచిగ అప్పజెప్పినోళ్ళు నా క్లాసుల గూడ లేకుండిరి. దానికి నేను రెండో భాగంల ఏం జవాబు చెప్పిన్నో గూడ ఆమెనే చెప్తది. బుక్కు మొత్తం చదివింది." అని మైకు నా చేతికిచ్చారు.

నా అబద్ధాన్ని ఆయన నిజమని నమ్మి, దాని మీద నన్ను నిలబెట్టి కాపాడబోయారు. ఆ క్షణం నాకు ఈ రోజుకీ కలలో వస్తుంది. డైరీలో రాసుకోని మాట అంతమంది ముందు అనడం అదే మొదలు.

"నేను చదవలే సార్. సగమే చదివిన. మీకు అబద్ధం చెప్పిన."

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. సారు కళ్ళజోడు తీసి కండువాతో తుడుచుకున్నారు. మామ ఫ్రేము వైపు చూస్తూ కూర్చున్నాడు. నేను ఏడవడం మైకులో అందరికీ వినిపిస్తోంది.

పెద్దమ్మ మెట్లెక్కి వచ్చింది. "సదవకుంటె ఏమాయె. మేం చెప్పిందే గదా సారు రాసుకున్నది. గా సగం నేను చెప్త, జర జరుగు." మైకు అందుకుని, నోటికి మరీ దగ్గరగా పెట్టుకుని, ఆఫీసరు వైపు తిరిగింది. "చట్టం మీ కాడ మంచిదే ఉండొచ్చు సారూ. మా కాడికొచ్చినంక మా భూములల్లకెళ్ళి మమ్మల్నే ఎల్లగొడుతున్నది. గిట్లయితదని తెలిసే, జర సూసుకోమని ఒక పెద్దమనిషిని పెట్టిండ్రంట. గాయన ఇష్టమే, కాదంటలేను. సూడమని పెట్టినంక కండ్లు మూసుకుంటె, ఎందుకు మూసుకున్నవని అడగొద్దా? అడుగుడు మా హక్కని సారు రాసిండు. మేం చెప్పంగనే రాసిండు."

తర్వాత సారు నాతో చెప్పారు, రెండో భాగం రెండు వందల పేజీల సారాంశం అంతేనని, తను అంత పొట్టిగా ఎప్పుడూ చెప్పలేకపోయానని. ఆఫీసరు లేచి నిలబడి అర్జీ తీసుకున్నారు. పైకి పంపిస్తానన్నారు, పంపారు కూడా (అది ఇంకా నడుస్తూనే ఉంది).

వాపసు వచ్చేటప్పుడు కారు మామే నడిపాడు. గోపాల్‌పేట దాటాక, రోడ్డు మీంచి కళ్ళు తిప్పకుండా, "కోడలా, రెండో భాగం నేను గూడ మొత్తం చదవలే. ఎవలకు చెప్పకు" అన్నాడు. (ఏడేళ్ళు చెప్పలేదు మామా.)

ఆ వారమే రెండో భాగం చదివాను. వెనక చేర్చే కాగితాలనుకున్నవే ఆయన జవాబు. పెద్దమ్మ మాటలు అందులో, ఆమె గూడెం పేరుతో సహా ఉన్నాయి. క్షమాపణ చెప్పుకుందామని గద్వాల వెళితే సారు దాన్ని పూర్తిగా చెప్పనియ్యలేదు.

"చదివినవా?"

"చదివిన సార్. ఈసారి నిజంగనే."

"అయితే చెప్పు. రెండో భాగంల తప్పు యాడున్నది?"

"తప్పేం లేదు సార్."

"అయితే నువ్వింక చదవలే," అన్నారు, ఎంతో మర్యాదగా.

అప్పటినుంచి ఆ పుస్తకాన్ని ఎన్నిసార్లు చదివానో. పోయిన ఏడు ఆ తప్పు దొరికింది. ఆయన "గూడెం మాట" అని రాసినచోటల్లా అందరిదీ ఒకే మాట అన్నట్టు రాశారు. అక్కడి మనుషుల్లో వాళ్ళకు వాళ్ళకే పడకపోతే గవర్నరు ఎవరి మాట వినాలి? వెళ్ళి, నేల చూపులు చూడకుండా అడిగాను. సారు చిన్నగా నవ్వారు. "గది నాకు అచ్చయిన తెల్లారే తెలిసిందమ్మా. ఎవలన్న అడుగుతరేమోనని చూస్తున్న."

ఇప్పుడు పాఠాలు పిల్లల వైపు తిరిగే చెబుతున్నాను. ధీశాలి అన్న మాట ఎక్కడ కనిపించినా చెవులు వేడెక్కుతాయి. ఆ పది రోజుల నా రూపం గుర్తొస్తే, పాలగ్లాసు పక్కన పెట్టుకుని, సగం దగ్గర పుస్తకం మూసి, తృప్తిగా తల ఊపుతున్న ఆ పిల్ల మీద కోపం రాదు, నవ్వే వస్తుంది. వెనక నిలబడి భుజం తట్టి, "ఇంక రెండొందల పేజీలే బిడ్డా, తిప్పు" అనాలనిపిస్తుంది.