సగం ధరకు దొరికిన ఇంకు పెన్ను

పరీక్షల్లో చూపులేని విద్యార్థులు చెబుతుంటే రాసిపెట్టే పిల్ల నవత. మాణికేశ్వర్ నగర్ నుంచి యూనివర్సిటీ క్యాంపస్‌కు నడిచొస్తుంది. బాల్ పెన్ను నొక్కి నొక్కి రాస్తే ఆమె వేళ్లు కొయ్యబారిపోయేవి. ఎం.ఏ. హిస్టరీ రంగనాథ్ ఆగకుండా చెబుతాడు, ఆగితే వరస తప్పుతుంది. అతనికి ఫస్ట్ క్లాస్ రావాలి. అతని వేగానికి అందే మంచి ఇంకు పెన్ను కొనాలని నవత పట్టుదల.

రంగనాథ్ హాస్టల్ రూమ్మేట్‌ని నేను. నవతా నేనూ ఆబిడ్స్ షాపుల్లో ధరలు విని వెనక్కొచ్చాం. తార్నాకలో కొత్తగా ఇంటర్నెట్ సెంటర్ పెట్టిన గిరీష్ కంప్యూటర్‌లో ఒక దుకాణం చూపించాడు. ఫారిన్ పెన్ను, సగం ధర. ఆర్డరు పెట్టినందుకు అతనికి కమీషన్.

"అన్నా, ఇంకు ఎట్ల పోసుడు?" అంది నవత.

"అన్ని పెన్నుల లెక్కనే. అంతా చదివిన, పరేషాన్ గాకు."

అతనేమీ చదవలేదు. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది.

పరీక్ష ముందురోజు పెన్ను వచ్చింది. చేతికి బరువే తెలియదు. మర్నాడు హాల్లో రెండో జవాబు పూర్తవుతుండగా ఇంకు అయిపోయింది. నవత తన ఇంకు బుడ్డీ, డ్రాపరు తీసి పెన్ను విప్పింది. లోపల ఇంకుతో వచ్చిన చిన్న ప్లాస్టిక్ గొట్టం. అయిపోతే అలాంటిదే ఇంకోటి పెట్టాలని ఆమెకు ఎవరు చెప్పారు? దాన్ని పీకేసి, మన పెన్నులకు పోసినట్టే నేరుగా ఇంకు పోసింది. ఆ పెన్ను అడుగున సన్నటి బెజ్జం ఉంది. పోసిన ఇంకంతా అందులోంచి కారి, రాసిన పేజీలను ముంచేసింది.

"ఏమైంది నవతా?"

"పేజీలన్నీ ఖరాబైనయ్ రంగన్నా." అందట.

"సరే. మళ్లీ మొదట్నుంచి రాయి."

ఎక్కువ టైమ్ ఇవ్వనన్నాడు హాల్లో కాపలా ఉన్నాయన. తప్పు మీదేనన్నాడు. ఆఖరి ప్రశ్న మిగిలిపోయింది. రంగనాథ్‌కు అన్నిటికంటే బాగా వచ్చిన ప్రశ్న.

సాయంత్రం నవత తిన్నగా తార్నాక నడిచింది. వెనక నేను. ఎన్ని తిట్లు కూడబెట్టుకుని వెళ్లానో! నేను అందుకునేలోపే నవత జరిగిందంతా చెప్పేసింది.

గిరీష్ నవ్వాడు. "పోసుడు రాక ఖరాబ్ జేసుకున్నవ్. నీ చేతుల్నే ఉన్నది లోపం."

"అయితే నువ్వు పోసి చూపియ్."

నవత పెన్నూ బుడ్డీ అతని ముందు పెట్టింది. వచ్చినవాళ్లందరూ పేరూ టైమూ రాసే పుస్తకం అక్కడే తెరిచి ఉంది. దాని మీదే పెన్ను పట్టుకుని, పిల్లలకు పాఠం చెప్పేవాడిలా గిరీష్ ఇంకు పోశాడు. ఒక్కో చుక్కా కిందికి కారసాగింది. వాడు చూసేసరికి పేర్లన్నీ నీలం మడుగు.

"అరె! మొత్తం పాయె! ఎవరెంత సేపు కూసున్నరో ఎట్ల తెలుస్తది?"

"ఒక్కొక్కర్ని అడుగు," అంది నవత బుడ్డీకి మూత బిగిస్తూ. "మళ్ల మొదట్నుంచి రాయి."