తుపానుకని దాచిన డబ్బు

టెక్కలి నుంచి పలాస వెళ్లే బస్సులో నా పక్కన కూర్చున్నామె కిడ్నీ జబ్బులకు పేరుపడ్డ ఉద్దానం తీరంలోని ఒక మత్స్యకార గ్రామానికి మాజీ సర్పంచి. భర్తను డయాలసిస్‌కు తీసుకెళ్తోంది. ఆయన కిటికీకి తల ఆనించి కళ్లు మూసుకున్నాడు.

కరోనా తర్వాత జీడిపప్పు పరిశ్రమలు మూతపడి, వేటా సరిగ్గా సాగక, ఊళ్లో ఇంటిపన్ను కట్టేవాళ్లే లేకుండా పోయారట. అయినా పంచాయతీ ఖాతాలో మిగిలిన డబ్బును ఆమె కదలనివ్వలేదు.

"మంచి పని చేశారమ్మా," అన్నాను.

"ఏటి మంచి బాబూ! మంచినీళ్ల ప్లాంటు పాడైపోతే బాగుసేయించమని అందరూ అడిగినారు. రేపు తుపానొత్తే ఏటి సేత్తామని నేనే ఆపినాను. ఏడాది పైగా ఊరంతా బోరునీళ్లే తాగినారు. తుపాను రానేదు."

"ఈయన జబ్బు ఆ నీళ్ల వల్లేనా?"

"అవునో కాదో డాక్టర్లే సెప్పలేకపోతన్నారు."

ఆయన కళ్లు తెరవకుండానే, "తుపానొచ్చుంటే ఊరంతా నిన్నే మెచ్చుకుందురే," అన్నాడు.

ఆమె చీర కొంగుతో ఆయన నుదుటి చెమట తుడిచింది.

ఇప్పటికీ మా మున్సిపాలిటీలో నిధులు మిగిలాయని ఎవరైనా గొప్పగా చెబితే, నేను ముందు మంచినీళ్ల సంగతి అడుగుతాను.