అరికాలు నొక్కి చూసే కోచ్

యాభైల చివర్లో మా కాలేజీ ఫుట్‌బాల్ కోచ్ జట్టును ఎంచే ముందు అందరినీ గోడకు చేతులానించి నిలబెట్టేవాడు. గుర్రానికి లాడం కొట్టేవాడిలా ఒక్కొక్కరి కాలూ వెనక్కి ఎత్తి, అరికాలును బొటనవేలితో నొక్కి చూసేవాడు. అనంతపురం గరుసు నేల మీద ఉత్తకాళ్లతో ఆడాలి కాబట్టి, అరికాలు మెత్తగా ఉన్నవాడికి జట్టులో చోటు లేదు.

ఒక పోటీలో రెఫరీ అన్యాయం చేశాడని ఆయన ఆట మధ్యలోనే జట్టును బయటికి నడిపించుకుపోయాడు. కాలేజీ ఆయన్ను తీసేసింది. ఊళ్లో సగం మంది ఆయన్నే తిట్టారు. ఆ జట్టులో ఆడిన నేను మాత్రం ఆయన్ను మళ్లీ పిలిపించమని ఏడాదిపాటు ప్రిన్సిపాల్‌ను వదల్లేదు. చివరికి పిలిచారు.

వచ్చిన రోజే నా అరికాలు నొక్కాడు.

"ఏమప్పా, బూట్లు తొడిగినావా?"

"మీరు లేనప్పుడొచ్చిన కోచ్ ఇచ్చినాడు సార్."

"మెత్తబడినాయి. పోయి ఆడ కూర్చో."

"మీరు రావల్లని కొట్లాడినోణ్ణి నేనే సార్."

"దానికి దండం పెడతా. ఆడేకి కాళ్లు కావల్ల గదప్పా."

అందరూ నవ్వారు. ఎవరెవరు నవ్వారో ఇప్పటికీ చెప్పగలను. ఆ ఏడాదంతా నన్ను మైదానం గట్టు మీదే కూర్చోబెట్టాడు. ఆ కోపంతో వేసవి సెలవుల్లో కదిరి దారి కంకర మీద ఉత్తకాళ్లతో పరుగెత్తాను. కాలేజీ తెరిచేసరికి అరికాళ్లు చెప్పుతోలులా గట్టిపడ్డాయి.

ఆయన లేడు. మళ్లీ ఎవరితోనో గొడవపడి వెళ్లిపోయాడట. కొత్తగా వచ్చినాయన కాళ్లు చూడకుండానే నన్ను జట్టులోకి తీసుకున్నాడు. ఆ ఏడాది ప్రతి ఆటా ఆడాను. గోల్ కొట్టినప్పుడల్లా, జనంలో పాత కోచ్ ఎక్కడైనా నిలబడి ఉన్నాడేమోనని వెతుక్కున్నాను.